మా వంక పరీవాహక ప్రణాళికకు గ్రాంటు ఎవరిని అడగాలి, ఎలా అడగాలి?

ప్రశ్న — కదిరి రైతు

అందరికీ నమస్కారం. శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరికి దగ్గరగా ఉన్న మూడు పల్లెల రైతులం కలిసి మూడేళ్ల క్రితం ఒక చిన్న సంఘాన్ని 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసుకున్నాము. దానికి నేను కార్యదర్శిని. మా పల్లెలకు ఎగువన బోడి గుట్టలు, వాటి కాళ్ల దగ్గర డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు పంచిన) భూములు, ఆ దిగువన సొంత పట్టా చేలు, అన్నిటికీ చివర చెరువు ఉన్నాయి. ఆ చెరువుకు నీళ్లు తెచ్చే వంక ఒక్కటే. ఆ వంకలోకి నీరు చేరే నేల మొత్తం మా అంచనాలో 600 హెక్టార్ల వరకు ఉంటుంది. ఖరీఫ్‌లో అందరిదీ వేరుశనగే. బోరు ఉన్నవాళ్లు రబీలో వరి, టమాటా పెడతారు. మా పెద్దల కాలంలో ఏడాది విడిచి ఏడాదైనా మరవ పారిన (నిండి పొర్లిన) చెరువు ఇప్పుడు పెద్ద వాన వచ్చిన సంవత్సరం తప్ప సగం కూడా నిండడం లేదు.

రెండేళ్ల క్రితం మేము 14 చెక్ డ్యాంలు, చెరువు పూడికతీత, వంక వెంట మొక్కలు కలిపి 40 లక్షల రూపాయలకు అంచనా వేసి, గ్రాంట్లు ఇచ్చే ఒక సంస్థకు దరఖాస్తు పంపాము. నాలుగు నెలల తరువాత అది వెనక్కి వచ్చింది. దాని మీద ఉన్నది ఒకే వాక్యం: ఇందులో పనుల జాబితా ఉంది గాని ప్రణాళిక లేదు. మొదట బాధ కలిగింది. తరువాత ఆ దరఖాస్తును నేనే మళ్లీ చదువుకున్నప్పుడు, ఆ 14 చోట్లే ఎందుకు, 14 మాత్రమే ఎందుకు అని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదని ఒప్పుకోవలసి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ చోట్లు మా కార్యవర్గ సభ్యుల పొలాలకు దగ్గరగా ఉన్నవే.

అందుకని ఈసారి ముందు ప్రణాళికే తయారు చేయించాలనుకున్నాము. ఒక కన్సల్టెంటును అడిగితే సర్వే, పటాలు, నివేదిక కలిపి 6 లక్షలు అవుతాయన్నారు. మా సంఘం ఖాతాలో 38 వేలు ఉన్నాయి. నా ప్రశ్నలు మూడు. కేవలం ప్రణాళిక తయారీకి డబ్బు ఇచ్చే పథకం లేదా నిధి ఏదైనా ఉందా? దరఖాస్తు మా సంఘం పేరుతో వెళ్లాలా, పంచాయతీ పేరుతో వెళ్లాలా? పనుల జాబితాకు, ప్రణాళికకు మధ్య తేడాను మా బోటివాళ్లం కాగితం మీద ఎలా చూపించాలి?

జవాబు 1 — పాత వాటర్‌షెడ్ కార్యకర్త

కార్యదర్శి గారికి నమస్కారం. 1990ల చివరి నుంచి ఉమ్మడి అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వాటర్‌షెడ్ (ఒక వంకలోకి నీరు చేరే నేల మొత్తం) పనుల్లో ఉన్నవాణ్ని కాబట్టి, మీ మొదటి ప్రశ్నకు మాత్రం కొంత వివరంగా జవాబు చెప్పగలను. మీరు కోరుకుంటున్నట్లు ప్రణాళికకు మాత్రమే విడిగా గ్రాంటు ఇచ్చే ఆనవాయితీ మన దేశంలో దాదాపు లేదు. ప్రణాళిక ఖర్చును ఎప్పుడూ పనుల ఖర్చులో ఒక చిన్న భాగంగానే చూశారు. కరవు ప్రాంత పథకాలను సమీక్షించిన హనుమంతరావు కమిటీ సిఫారసుల మీద 1995 ఏప్రిల్ నుంచి అమలైన మార్గదర్శకాలు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను యూనిట్‌గా తీసుకుని హెక్టారుకు 4,000 రూపాయలు ఇచ్చాయి. 2008 ఉమ్మడి మార్గదర్శకాలు మైదాన ప్రాంతాల్లో దాన్ని 12,000కు పెంచి, సవివర ప్రాజెక్టు నివేదికకు, అంటే మనం డీపీఆర్ అనేదానికి, మొత్తంలో 1 శాతం కేటాయించాయి. ఆ లెక్కన మీ 600 హెక్టార్లకు మొత్తం 72 లక్షలు, అందులో ప్రణాళికకు 72 వేలు. కాలం మారి ధరలు పెరిగిన మాట నిజమే అయినా, 6 లక్షలు అడిగిన కన్సల్టెంటుతో బేరానికి కూర్చునేటప్పుడు ఈ లెక్క మీ జేబులో ఉండడం మంచిది.

ఇప్పుడు ప్రభుత్వ పథకం సంగతి. 2009–10లో మొదలైన సమీకృత వాటర్‌షెడ్ కార్యక్రమం 2015–16లో ప్రధానమంత్రి కృషి సించాయీ యోజనలో ఒక భాగమయింది. 2021–26 కాలానికి వచ్చిన దాని రెండవ దశలో మైదాన ప్రాంతాలకు హెక్టారు ఖర్చు 22,000, కొండ ప్రాంతాలకు, క్లిష్ట ప్రాంతాలకు 28,000 రూపాయలు. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరించేలా పెట్టారు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఇది సంఘాలు దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకునే గ్రాంటు కాదు. రాష్ట్ర స్థాయిలో ఈ పథకం చూసే సంస్థ (నోడల్ ఏజెన్సీ) మైక్రో వాటర్‌షెడ్లను, అంటే మీ వంకలాంటి చిన్న పరీవాహకాలను, వేల హెక్టార్ల క్లస్టర్లుగా కలిపి, కరవు, నేల కోత, భూగర్భజలాల పరిస్థితి వంటివాటికి మార్కులు వేసి ఎంపిక చేస్తుంది. మీ చేతిలో ఉన్నదల్లా, మీ మైక్రో వాటర్‌షెడ్ ఇంతకు ముందు ఏ పథకంలోనైనా వచ్చిందో లేదో జిల్లా నీటి యాజమాన్య సంస్థలో, అంటే మన డ్వామా కార్యాలయంలో, కనుక్కొని, రాకపోతే తరువాతి విడతలో చేర్చమని మీ పల్లెల గ్రామసభల తీర్మానాలతో అర్జీ ఇవ్వడమే. ఈ కనుక్కోవడాన్ని తేలికగా తీసుకోకండి. రైతు ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్న జిల్లాలకు 2006లో ప్రకటించిన ప్రధానమంత్రి పునరావాస ప్యాకేజీలో ఉమ్మడి అనంతపురం జిల్లా కూడా ఉంది. ఆ ప్యాకేజీ కింద ఈ ప్రాంతంలో చాలాచోట్ల వాటర్‌షెడ్ పనులు జరిగాయి. మీ గుట్ట మీద పాత కందకాలు, రాతి కట్టలు ఆనవాళ్లుగా మిగిలి ఉంటే, ఆ సంగతి దాచిపెట్టిన దరఖాస్తు మొదటి క్షేత్ర పర్యటనలోనే పడిపోతుంది.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న దారి నాబార్డు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) వాటర్‌షెడ్ అభివృద్ధి నిధి. ఇది 1999–2000లో కేంద్రం 100 కోట్లు, నాబార్డు 100 కోట్లు వేసి ఏర్పాటు చేసినది. దీని అమరికలో నాకు మొదటి నుంచీ నచ్చిన విషయం ఒకటుంది. పనిని రెండు దశలుగా చూస్తారు. మొదటిది సామర్థ్యాల పెంపు దశ. ఆ దశలో వాటర్‌షెడ్‌లోని ఒక చిన్న ముక్కలో పనులు చేస్తూ, గ్రామ వాటర్‌షెడ్ కమిటీ లెక్కలు రాయడం, కొలతలు తీయడం, కూలి చెల్లించడం నేర్చుకుంటూ, అదే కాలంలో మిగతా మొత్తం ప్రాంతానికి డీపీఆర్ తయారు చేసుకుంటుంది. ఆ తరువాతే పూర్తి అమలు దశ. కాబట్టి ప్రణాళికకు డబ్బు అనే మీ కోరికకు నిజంగా సమాధానం ఈ మొదటి దశలోనే దొరుకుతుంది. అయితే గ్రామస్థులు ముందుగా శ్రమదానం చేసి చూపించాలి. పనుల కాలంలోనూ అకుశల కూలి ఖర్చులో 16 శాతం గ్రామం వాటాగా ఉండాలి. చెట్ల నరికివేత మీద, గుట్ట మీద ఇష్టారాజ్యంగా మేపడం మీద ఊరు ఒక కట్టుబాటుకు రావాలి. మహారాష్ట్రలో జర్మనీ సహకారంతో నడిచిన వాటర్‌షెడ్ కార్యక్రమం నుంచి వచ్చిన నియమాలు ఇవి. మనవాళ్లు చాలామంది వీటిని లాంఛనంగా భావించి దొంగ హాజరు పట్టీలతో సరిపెట్టారు. అలాంటి ఊళ్లలో తరువాత ఏం మిగిలిందో నేను చూశాను గాని, ఆ కథ ఇక్కడ వద్దు.

మీ రెండవ ప్రశ్నకు జవాబు: నాబార్డు దగ్గరకు మీ సంఘం నేరుగా వెళ్లడం కన్నా, వాటర్‌షెడ్ అనుభవం, ఆడిట్ అయిన లెక్కలు ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థ ప్రాజెక్టు నిర్వహణ సంస్థగా ముందుండి, మీరు గ్రామ వాటర్‌షెడ్ కమిటీగా ఏర్పడడం ఆచరణలో సాధ్యమయ్యే దారి. ముందుగా జిల్లా అభివృద్ధి మేనేజరును, అంటే నాబార్డు డీడీఎంను కలవండి. నాలుగు పేజీలు దాటని భావన పత్రం (కాన్సెప్ట్ నోట్) ఒకటి తీసుకువెళ్లండి. 14 చెక్ డ్యాంల జాబితాను మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి.

జవాబు 2 — వంకల కొలతగాడు

పై మిత్రులు నిధుల దారి చెప్పారు కాబట్టి నేను మూడవ ప్రశ్న తీసుకుంటాను. ఒక నీటిపారుదల ప్రయోగశాలలో పనిచేసి విరమించిన వాణ్ని. పనుల జాబితా ఎక్కడ ఏం కట్టాలో చెబుతుంది. ప్రణాళిక అంతకు ముందు, ఎంత నీరు వస్తోంది, ఎంత ఆగుతోంది, ఎంత వాడుతున్నాం, ఎవరు వాడుతున్నారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి, ఆ జవాబుల నుంచి పనులను పుట్టిస్తుంది. మీ దరఖాస్తు తిరిగి వచ్చింది ఈ నాలుగూ లేకే.

600 హెక్టార్లు అనేది అంచనా అన్నారు. మొదట దాన్ని ఖరారు చేయండి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపో షీట్లు (నేల ఎత్తుపల్లాలు చూపే పటాలు) ఇప్పుడు పౌరులకు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇస్రో వారి భువన్ పోర్టల్లో ఉపగ్రహ చిత్రం మీద నీటి పారుదల గీతలు చూసుకోవచ్చు. ఈ రెండింటి సాయంతో మీ చెరువు కట్ట దగ్గర మొదలుపెట్టి, గుట్టల నెత్తి మీదుగా తిరిగి కట్టకు వచ్చే గీతను కాగితం మీద గీయండి. అయితే ఆ టోపో షీట్లలో సమోన్నత రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. గుట్టల్లో అది చాలుతుంది గాని, చదునుగా ఉండే దిగువ చేలల్లో నీరు ఏ గట్టు దాటి ఏ వైపు పోతుందో ఆ పటం చెప్పలేదు. అది చెప్పగలిగినవాళ్లు వాన కురుస్తుండగా చేలో నిలబడిన రైతులే. అందుకని గీసిన పటం పట్టుకుని, మూడు పల్లెల నుంచి ఇద్దరేసి పెద్దవాళ్లను తీసుకుని, ఆ గీత వెంట రెండు రోజులు నడవండి. గ్రామ సర్వేయరు దగ్గర ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకళ్లు తీసుకుంటే వంక పోరంబోకు ఎక్కడ ఎంత వెడల్పు ఉండాలో, ఇప్పుడు ఎంత మిగిలిందో కూడా తెలుస్తుంది. చెరువు నిండకపోవడానికి కారణం వాన తగ్గడమా, వంక కుంచించుకుపోవడమా అన్నది తేలేది ఇక్కడే. నేను చూసిన చాలా చోట్ల రెండవదే కారణం.

ఇక నీటి లెక్క. ఒక హెక్టారు మీద 1 మి.మీ. వాన పడితే 10 ఘనపు మీటర్ల నీరు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 552 మి.మీ. కాబట్టి మీ 600 హెక్టార్ల మీద సగటు ఏడాదిలో పడే నీరు సుమారు 33 లక్షల ఘనపు మీటర్లు. ఇందులో అధిక భాగం నేలలో తేమగా నిలిచి పంటకు, గడ్డికి, ఆవిరికి పోతుంది. వంకలోకి వచ్చేది పదో వంతు అనుకుంటే 3.3 లక్షల ఘనపు మీటర్లు. ఈ పదో వంతు నేను మాటవరసకు అనుకున్నది. మీ నేల వాలు, మట్టి, వానల తీరు బట్టి అది మారుతుంది, ఆ లెక్క కట్టడమే ఇంజనీరు పని. ఇప్పుడు మీ 14 చెక్ డ్యాంలు ఒక్కొక్కటి ఒక్క నింపుకు 3,000 ఘనపు మీటర్లు ఆపుతాయనుకుందాం. మొత్తం 42,000. ఏడాదికి రెండుసార్లు నిండితే 84,000.

దీని పక్కన రెండవ అంకె పెట్టండి. ఎకరం వరికి పంటకాలంలో 1,200 మి.మీ. నీరు అనుకుంటే సుమారు 4,850 ఘనపు మీటర్లు. మీ మూడు పల్లెల్లో బోర్ల కింద రబీ వరి 40 ఎకరాలు ఉందనుకుంటే, వాటికి తోడే నీరు 1.94 లక్షల ఘనపు మీటర్లు. అందులో కొంత మళ్లీ ఇంకిపోతుందన్న మాట నిజమే అయినా, 14 చెక్ డ్యాంలు రెండుసార్లు నిండి ఆపిన నీటికి రెట్టింపు కన్నా ఎక్కువను 40 ఎకరాల వరి తోడేస్తుందన్న సంగతి మిగులుతుంది. ఆ నలభై ఎకరాల్లో సగం మినుము లేదా చిరుధాన్యాల వైపు మళ్లించే ఒప్పందం ఊళ్లో కుదిరితే, దానికి సిమెంటు బస్తా ఒక్కటీ అక్కరలేదు. నిధులిచ్చేవారు చూడాలనుకునేది ఇలాంటి పోలికను.

ఇది కొత్త ఆలోచన కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరవు జిల్లాల్లో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టులో, అనంతపురం కూడా అందులో ఉంది, రైతులే వర్షమాపకాలు చూసి, పరిశీలక బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు కూర్చుని పంట–నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరూ ఎవరి బోరుకూ తాళం వేయలేదు. అంకెలు గోడ మీద రాసి పెట్టారు, అంతే. మీ పల్లెల చుట్టుపక్కల ఆ ప్రాజెక్టులో పనిచేసిన రైతులు ఇప్పటికీ ఉండవచ్చు. 6 లక్షల కన్సల్టెంటును వెతికే ముందు వాళ్లను వెతకండి.

జవాబు 3 — లెక్కల పుస్తకం

నేను స్వచ్ఛంద సంస్థల ఆడిట్ చూస్తుంటాను. దరఖాస్తు మంచిదై కూడా కాగితాల దగ్గర ఆగిపోవడం ఎంత సాధారణమో చెప్పడానికి ఈ నాలుగు మాటలు.

మీ సంఘం సొసైటీగా రిజిస్టరైనంత మాత్రాన గ్రాంటుకు అర్హమైపోదు. పాన్, నీతి ఆయోగ్ వారి దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల పోర్టల్) నమోదు, ఆదాయపు పన్ను చట్టం కింద ధర్మసంస్థగా నమోదు (1961 చట్టంలో 12ఏబీ), దాతలకు పన్ను మినహాయింపు కోసం నమోదు (అదే చట్టంలో 80జీ), గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు సాధారణంగా అడుగుతారు. 38 వేలు ఉన్న ఖాతాకైనా ఆడిట్ చేయించండి. చిన్న అంకెల ఆడిట్ ఖర్చు చిన్నదే, అది లేకపోవడం వల్ల వచ్చే నష్టం మాత్రం పెద్దది.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులను గురించి ఎవరూ ప్రస్తావించలేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఆ చట్టం ఏడవ షెడ్యూలులో సహజ వనరుల పరిరక్షణ, నేల, నీటి నాణ్యతను కాపాడడం, గ్రామీణాభివృద్ధి ఉన్నాయి కాబట్టి వాటర్‌షెడ్ దాని పరిధిలోకే వస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి, ఆ డబ్బు తీసుకునే సంస్థ సీఎస్‌ఆర్–1 ఫారం దాఖలు చేసి నమోదు సంఖ్య పొందాలి. నా అనుభవంలో కంపెనీలు ఒక ఆర్థిక సంవత్సరంలో పూర్తయి, ఫొటోకు అందే పనినే ఇష్టపడతాయి. ప్రణాళిక ఫొటోకు అందదు. అందుకని కంపెనీని పెద్ద ప్రాజెక్టు అడగకుండా, పరిశీలక బోర్లకు నీటిమట్టం కొలిచే పరికరాలు, మూడు వర్షమాపకాలు, ఇద్దరు యువకులకు ఏడాది గౌరవ వేతనం, గ్రామసభల ఖర్చు, ఒక ఇంజనీరుకు కొన్ని రోజుల ఫీజు అని విడదీసి, లక్షా చిల్లరలో ముగిసే బడ్జెట్ అడగండి. ఇంజనీరు ఫీజు మీద జీఎస్‌టీ పడుతుందేమో ముందే అడిగి రాసుకోండి. మీ వాళ్లు ఉచితంగా నడిచిన రోజులను కూడా కూలి రేటుతో లెక్కగట్టి మీ వాటాగా చూపండి, కానీ హాజరు పట్టీ మీద సంతకాలు లేకుండా చూపకండి.

విదేశీ విరాళాలు ఉన్న పెద్ద సంస్థ ఏదైనా తన డబ్బులో కొంత మీకు ఇస్తానంటే మర్యాదగా వద్దనండి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తరువాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడానికి చట్టం ఒప్పుకోదు. ఆ సంస్థ తానే మీ ఊళ్లో ఖర్చు పెట్టవచ్చు, అది వేరే మాట.

జవాబు 4 — నారాయణపేట అక్క

కొలతలు, కాగితాలు అన్నీ చెప్పారు గాని, గుట్ట మీద ఎవరున్నారో ఎవరూ అడగలేదు. మాది ఇప్పటి నారాయణపేట జిల్లా. పదిహేనేళ్లు మహిళా సంఘాల సమాఖ్యలో పనిచేశాను. మా ఊళ్లోనూ వాటర్‌షెడ్ వచ్చింది. శిఖరం నుంచి లోయకు అన్న సూత్రం ప్రకారం మొదట గుట్ట మీద కందకాలు తవ్వారు. తవ్వినవాళ్లు భూమి లేని కూలీలు, వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. గుట్ట మీద మేత మూడేళ్లు నిషేధించారు. గొర్రెల కాపరులు మందలను తోలుకుని వేరే జిల్లాలకు పోయారు. కందకాల్లో ఇంకిన నీరు దిగువన బోర్లలోకి వచ్చింది. ఆ బోర్లు ఎవరివో నేను చెప్పనక్కరలేదు. అంటే కష్టం పైవాళ్లది, నష్టం కాపరులది, నీరు కిందివాళ్లది అయింది. మూడవ ఏడు కాపరులు కందకాల్లోని మొక్కలను గొర్రెలకు వదిలేశారంటే నేను వాళ్లను తప్పుపట్టలేకపోయాను.

కార్యదర్శి గారూ, మీ సంఘం కార్యవర్గంలో డీకేటీ భూముల వాళ్లు ఎందరు? కాపరులు ఎందరు? ఆడవాళ్లు ఎందరు? పాత 14 చోట్లు కార్యవర్గ సభ్యుల పొలాల దగ్గరివే అని మీరే దాపరికం లేకుండా రాశారు, అందుకు మెచ్చుకోవాలి. కాబట్టి కొత్త దరఖాస్తులో, మేత నిషేధించే ముక్క ఏది, ఎన్నాళ్లు, ఆ కాలంలో మేత ఎక్కడి నుంచి వస్తుంది, గుట్టను మూడు ముక్కలుగా చేసి ఏడాదికి ఒకటి మూస్తే కాపరులకు సరిపోతుందా అన్నది వాళ్లతోనే మాట్లాడి, వాళ్ల మాటల్లోనే రాయండి. డీకేటీ భూముల్లో గట్లు వేసే పని మొదటి ఏడాదిలోనే పెట్టండి. చివరి ఏడాదికి వదిలితే డబ్బు అక్కడి దాకా రాదు.

ఇంకొకటి. మీ చెరువు మరవ పారితే ఆ నీళ్లు కింది ఊరి చెరువుకు పోతాయి కదా? ఎగువన మీరు ప్రతి చుక్కా ఆపేస్తే ఆ ఊరివాళ్లు ఊరుకోరు. కొలతగాడు గారి 3.3 లక్షల్లో కిందికి వదిలేది ఎంతో ఒక అంకె రాసి, ఆ ఊరి సర్పంచి సంతకం తెచ్చుకుంటే, మీ దరఖాస్తుకు అంతకు మించిన బలం ఉండదు.

ప్రశ్నించినవారి స్పందన — కదిరి రైతు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నారాయణపేట అక్క గారి ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెబుతాను. మా కార్యవర్గం తొమ్మిది మంది. డీకేటీ భూమి ఉన్నవారు ఒక్కరు, ఆడవారు ఇద్దరు, కాపరి ఒక్కరూ లేరు. నిన్న రాత్రి సమావేశంలో ఇది చదివి వినిపించాను. కొంచెం వేడి వాదన జరిగింది. చివరకు పై పల్లె నుంచి ఇద్దరు కాపరులను, ఇంకో ఇద్దరు మహిళలను చేర్చుకోవడానికి ఒప్పుకున్నారు. రబీ వరి ఎంత ఉందో కూడా లెక్కించాము. 40 కాదు, 57 ఎకరాలు. ఆ అంకె చెప్పగానే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అందులో ఆరు ఎకరాలు నావే.

మిగిలిన సందేహాలు రెండు. పంచాయతీ నిధుల్లోంచి ఈ మొదటి ఖర్చుకు ఏమైనా తీసుకోవచ్చా? మా మిత్రుడొకరు అటల్ భూజల్ యోజన కింద పంచాయతీలకు నీటి భద్రత ప్రణాళికలకే డబ్బు ఇస్తారని చెప్పాడు, అది మాకు వర్తిస్తుందా?

జవాబు 5 — పాత వాటర్‌షెడ్ కార్యకర్త

రెండవదానికి ముందు చెబుతాను. అటల్ భూజల్ మీరు వెతికిన దానికి చాలా దగ్గరి పథకమే, అందులో పంచాయతీ స్థాయి నీటి ప్రణాళికకు పెద్దపీట వేశారు. కానీ అది గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలకు పరిమితమయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అందులో లేవు. సరిహద్దుకు అవతల కర్ణాటక పంచాయతీలు తయారు చేసిన ప్రణాళికల నమూనా దొరికితే, దాని అమరికను చూసి నేర్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

పంచాయతీ విషయం. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం నిర్దిష్ట పనులకే వాడాలన్నారు. అందులో సగం, అంటే మొత్తంలో 30 శాతం, తాగునీరు, వాన నీటి సంరక్షణ, నీటి పునర్వినియోగం కోసం. కాబట్టి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో వాన నీటి సంరక్షణ కింద మీ పనిని ముందుగా చేర్పించండి. గ్రామసభలో చదివి, తీర్మానం పుస్తకంలో ఎక్కించనిదే ఏ కార్యదర్శీ చెక్కు రాయరు. ఆ తీర్మానం నకలు నాబార్డుకు వెళ్లే మీ భావన పత్రానికి కూడా జతపరచవచ్చు. మూడు పల్లెలు రెండు పంచాయతీల్లో ఉంటే రెండు తీర్మానాలూ ఒకే మాటల్లో ఉండేటట్లు చూసుకోండి. నేనొకసారి రెండు తీర్మానాల్లో వంక పేరు రెండు రకాలుగా రాయడం వల్ల ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

భావన పత్రం మొదటి పేజీ ఎలా ఉండాలో కూడా చెబుతాను. మొదటి పేరాలో వంక ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో, విస్తీర్ణం ఎంతో, గుట్ట ఎంత, డీకేటీ ఎంత, పట్టా ఎంతో రాయండి. రెండవ పేరాలో 57 ఎకరాల వరి సంగతి రాయండి. మీ తప్పును మీరే ముందు పెట్టిన దరఖాస్తును చదివే అధికారి పక్కన పెట్టలేరు. మూడవ పేరాలో మీరు ఇప్పటికే సొంతంగా చేసినది, అంటే నడక, పటం, కమిటీలో చేరిన కొత్తవాళ్లు. అడిగే డబ్బు నాలుగవ పేరాకు ముందు రాకూడదు.

కదిరి రైతు

మంచిదండీ. వచ్చే ఆదివారం, సోమవారం గీత వెంట నడక పెట్టుకున్నాము. పై పల్లె కాపరులు దారి చూపిస్తామన్నారు, గుట్ట వెనుక మాకు తెలియని ఒక పాత ఊట కుంట ఉందని కూడా చెప్పారు. గుట్ట వాలు కొలవడానికి లెవెల్ యంత్రం మా దగ్గర లేదు. అద్దెకు తెచ్చుకోవాలా?

వంకల కొలతగాడు

అక్కరలేదు. 15 మీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, మనిషి ఎత్తు కర్రలు రెండు, వాటి మీద సెంటీమీటర్ల గీతలు ఉంటే చాలు. గొట్టం రెండు చివరలను కర్రలకు కట్టి, నీళ్లు నింపి, గాలి బుడగలు లేకుండా చూసుకుని, రెండు కర్రల మధ్య నీటిమట్టం తేడా చదవండి. పొద్దున్నే మొదలుపెట్టండి, ఎండ ఎక్కితే గొట్టంలో బుడగలు పుడతాయి. ఆ పాత ఊట కుంట కట్ట ఎక్కడ తెగిందో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. 14 కొత్త కట్టడాల కన్నా ఆ ఒక్క పాత కట్ట మరమ్మతు చవక కావచ్చు.